ఏడు నిమిషాల గది

1996 ఆగస్టు పన్నెండు, సోమవారం. ఆ మధ్యాహ్నం కార్బెట్ హైస్కూల్ భోజనశాలలో టీచర్లకు పెట్టింది పొగలో కాల్చిన గొడ్డుమాంసం, తెల్ల రొట్టె, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, ఊరబెట్టిన దోసకాయ. ఆ తారీఖూ ఆ తిండీ నేడీన్ టాలివర్‌కి తర్వాత చాలాకాలం గుర్తుండిపోయాయి. రొట్టెలో మాంసం మడిచి నోటిదాకా తెచ్చుకునేసరికి ప్రిన్సిపాల్ విల్లరియల్ వచ్చి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తినండి నేడీన్ గారూ, తినండి. తిన్నాక చెబుతాను."

ఆ మాట విన్నాక ఎవరికి ముద్ద దిగుతుంది? రొట్టె పళ్లెంలో పెట్టేసింది. "ఇప్పుడే చెప్పెయ్యండి."

"వచ్చే ఏడు మీ తీగవాయిద్యాల ఆర్కెస్ట్రా క్లాసు ఎందుకని స్కూలు బోర్డువాళ్లు అడుగుతున్నారు. మీ దగ్గర పంతొమ్మిది మంది. అవతల బ్యాండులో నూట నలభై. వాళ్ల డోళ్లు పెట్టుకోడానికి చోటు లేదు. మీ గదేమో పెద్దది."

"పంతొమ్మిది మందీ పిల్లలు కారా?"

"నన్ను కరవకండి, నేను మీవైపే. కానీ ఒట్టి చేతులతో వాళ్ల ముందు నిలబడలేను. మార్చి పోటీలో వేదిక మీద ఒకటి, గదిలో ఒకటి తెచ్చిపెట్టండి. రెండూ ఒకట్లే. ఆ కాగితం పట్టుకుని ఇంకో మూడేళ్లు లాక్కొస్తాను. రాలేదనుకోండి, ఇక నా దగ్గర మాట లేదు."

వేదిక మీద ఒకటి, అంటే అన్నిటికన్నా పై మెట్టు, ఏటేటా వస్తూనే ఉంది. గండమంతా గదిలోనే.

పోటీ రోజు వేదిక దిగగానే పిల్లల్ని ఇంకో గదిలోకి తీసుకెళతారు. అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడని పాట కాగితాలు స్టాండ్ల మీద బోర్లించి ఉంటాయి. తిప్పిన క్షణం నుంచి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ టీచరు నోటిమాటతో మాత్రమే పాటను వివరించాలి. పిల్లలు తీగల మీద వేళ్లు కదపొచ్చు, కమాను గాల్లో లాగొచ్చు, చప్పుడు మాత్రం రాకూడదు. టీచరైనా, పిల్లలైనా, ఎవరు పాడినా, కూనిరాగం తీసినా, కాలితో తాళం తట్టినా ఒక మెట్టు కిందికి. ఆ తర్వాత ఒక్కసారే వాయించాలి.

నేడీన్ జబ్బంతా కూనిరాగమే. ఆమెకు మాటకన్నా ముందు రాగం వచ్చేస్తుంది. "ఇక్కడ రెండో వయొలిన్లు..." అని మొదలుపెడితే వాక్యం మిగతా సగం గొంతులోంచి పాటై వచ్చేది. వస్తోందని ఆమెకే తెలియదు. పధ్నాలుగేళ్ల ఉద్యోగంలో ఆ గదిలో ఆరుసార్లు మెట్టు దిగింది. కిందటి రెండేళ్లూ వరసగా.

ఆ సంగతీ, బోర్డు మాటా పిల్లల దగ్గర దాచలేదు. మొదటివారంలోనే ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొదటి బల్ల దగ్గర యెసేనియా ఒరోస్కో లేచి నిలబడింది. పదకొండో తరగతి, వయొలిన్ల పెద్ద. సన్నగా, నల్లగా, చీపురుపుల్లలా ఉంటుంది. మాట మాత్రం కొరడా.

"అంటే మిస్, మీ నోరు మూయించడమే ఈ ఏడాది మా పాఠం."

"యెసీ, మర్యాద!" అన్నాడు వెనకనుంచి హోబీ రెన్‌ఫ్రో. పెద్ద వయొలిన్, నిలబడి వాయించేది, వాడిదే. ఆ వాయిద్యమూ వాడూ ఒకే కొలత.

"మర్యాద కాపాడుకుంటూ కూర్చుంటే వచ్చే ఏడాది నువ్వు డోలు మోసుకుంటావురా. మిస్, ఇకనుంచి మీరు కూనిరాగం తీసినప్పుడల్లా మేమందరం కమాన్లు పైకెత్తుతాం. చూసి ఆపెయ్యండి."

మొదటిరోజు కమాన్లు ముప్పై నాలుగుసార్లు లేచాయి. లెక్క హోబీది.

"మిస్, నాది కమాను కాదు, గొడ్డలి," అన్నాడు గంట కొట్టాక భుజం రుద్దుకుంటూ. "రేపటికి కాస్త కనికరించండి."

*

ఆ స్కూల్లో ఆకులు రాలే కాలమంతా బ్యాండుదే. ఆర్కెస్ట్రా పిల్లలు కూడా సగంమంది శుక్రవారం ఫుట్‌బాల్ ఆటలకు ఈకల టోపీలు పెట్టుకుని మైదానంలో కవాతు చెయ్యాల్సిందే. హోబీకి పెద్ద డోలు, యెసేనియాకి ఇత్తడి తాళాలు. తాళాల అంచులు ఒరుసుకుని ఆమె మోచేతులు కమిలిపోయేవి. ఆ చేతులతోనే సోమవారం వయొలిన్ పట్టుకునేది.

బ్యాండు మాస్టరు కర్టిస్ మేహ్యూ భారీ మనిషి. ఎప్పుడు చూసినా బుగ్గలో పొద్దుతిరుగుడు గింజలు. రెండు గదులకూ మధ్య ఒకటే గోడ.

"నీ పిల్లలకి సూర్యుడి మొహం చూపించేది నేనే తల్లీ," అన్నాడు మైదానం గట్టుమీద తొక్కలు ఊస్తూ. "లేకపోతే నేలమాళిగలో బంగాళదుంపల్లా మొలకలొస్తాయి వాళ్లకి."

"సూర్యుణ్ణి చూపించి వేళ్లు విరగ్గొట్టి పంపిస్తున్నావు."

"నీ గది నేను అడగలేదు నేడీన్. అది నమ్ము."

నమ్మింది. అబద్ధమాడేటప్పుడు కర్టిస్ గింజలు నమలడం ఆపేస్తాడు. ఇప్పుడు నములుతూనే ఉన్నాడు. చిన్న విషయమే, కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారంతా ఆమెకు అదే తోడు.

నవంబరు వచ్చేసరికి నేడీన్ బుగ్గలో పిప్పరమెంటు పెట్టుకుని పాఠం చెప్పడం అలవాటు చేసుకుంది. నోట్లో బిళ్ల ఉంటే రాగం అడ్డం తగులుతుందని. అప్పుడు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. "ఇక్కడ మెట్టు దిగినట్టు దిగండి, జారి పడ్డట్టు కాదు." "ఈ స్వరం మీ చుట్టాలావిడ. వచ్చింది, కూర్చుంది, లేవదు." పిల్లలు నవ్వేవాళ్లు, నవ్వుతూ సరిగ్గా వాయించేవాళ్లు. నలభై రెండేళ్లకు తనకు మాటలొచ్చాయని ఆమెకే ఆశ్చర్యం.

కమాన్లు ముప్పై నాలుగు నుంచి పన్నెండుకి, క్రిస్మస్ కచేరీనాటికి మూడుకి దిగాయి. అయితే కమానెత్తడం అప్పటికి పిల్లలకు ఆటగా మిగల్లేదు, ఊపిరైపోయింది. చెవిన రాగం పడితే చెయ్యి లేచేది. బుద్ధికి తెలిసేలోపే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా డిసెంబరు ఆఖర్లో చమురుబావి పని పోయి ఒక కుటుంబం ఓక్లహోమాకి వెళ్లిపోయింది. వాళ్ల కవలపిల్లలిద్దరూ వయొలిన్లే. అందులో ఒకమ్మాయి యెసేనియా పక్క కుర్చీ. పంతొమ్మిది పదిహేడైంది. మొదటి బల్ల దగ్గర యెసేనియా ఒంటరిగా కూర్చుని తన కాగితం తనే తిప్పుకునేది.

జనవరిలో, క్లాసు జరుగుతుండగానే, ఇద్దరు మనుషులు కొలతల టేపు పట్టుకుని గదిలోకి వచ్చారు. డోళ్లకు అరలు కట్టాలట. "మీరు కానివ్వండి మేడమ్, మా పని మేం చేసుకుంటాం," అని సెల్లోలు వాయించే పిల్లల కాళ్ల మధ్యనుంచి టేపు లాగారు. ఒకడు నెంబర్లు చదువుతుంటే రెండోవాడు రాసుకున్నాడు. పిల్లలు వాయించడం ఆపలేదు. నేడీన్ కూడా తాళం వేస్తూనే ఉంది.

ఫిబ్రవరిలో వచ్చే ఏడాది పాఠాలు ఎంచుకునే కార్డులు పంచారు. ఆర్కెస్ట్రా అన్న గడి అచ్చువెయ్యనే లేదు. యెసేనియా కార్డు అడుగున ఇంకుతో గడి గీసి, పక్కన ఆర్కెస్ట్రా అని రాసి, టిక్కు పెట్టింది. కార్డు వెనక్కి పంపింది. గంట కొట్టేసరికి, వచ్చే ఏడు స్కూల్లో ఉండని పెద్ద క్లాసు పిల్లలతో సహా, పదిహేడు కార్డుల మీదా పదిహేడు వంకరటింకర గడులు.

"ఈ కార్డులు యంత్రం చదవదు పిల్లలూ," అంది నేడీన్.

"యంత్రం చదవకపోతే మనిషి చదువుతాడు మిస్," అంది యెసేనియా. "మీరు మాత్రం ఆ రోజు రాగం తియ్యకండి. అంతే. మిగతాది మేం చూసుకుంటాం. మాటివ్వండి."

"మాటిస్తున్నాను."

ఫిబ్రవరి నెలంతా కమాను ఒక్కసారి కూడా లేవలేదు.

*

మార్చి ఇరవై, గురువారం. నూట ముప్పై మైళ్లు. దుమ్ముగాలికి బస్సు పక్కకి తోసుకుపోతోంది. పిల్లలు రేకుకాగితంలో చుట్టిన గుడ్డు బరీటో రొట్టెలు తిన్నారు. మారిబెల్ ఒక్కతే తినలేదు. తొమ్మిదో తరగతి పిల్ల. రెండో వయొలిన్ల పెద్ద గవదబిళ్లలతో ఇంట్లో ఉండిపోవడంతో ఆ వరసకి ఆమే ముందు కూర్చోవాలి.

వేదిక మీద బాగా జరిగింది. ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఒకటి వేశారని బయటికొస్తూనే తెలిసింది. ఎవరూ కేక వెయ్యలేదు. హోబీ పెద్ద వయొలిన్‌ని పసిపిల్లలా ఎత్తుకుని గదివైపు నడిచాడు.

గదిలో మూలబల్ల దగ్గర ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టావిడ, చేతిలో గడియారం. కిటికీ అద్దాలు గాలికి గిలగిల్లాడుతున్నాయి.

"తిప్పండి," అందావిడ.

మొదటి పేజీ కష్టం లేదు. కవాతులాంటి పాట. నేడీన్ బుగ్గలో బిళ్ల పెట్టుకుని, ఒక్కొక్క మాటా నాణెంలా లెక్కపెట్టి బయటపెట్టింది. పదహారు కమాన్లు గాల్లో చప్పుడు లేకుండా ఈదుతున్నాయి. వేళ్లు తీగల మీద మెత్తగా నడుస్తున్నాయి. నాలుగు నిమిషాలు. అయిదు.

రెండో పేజీ మధ్యలో ఉంది గొయ్యి. అక్కడ అందరూ ఆగిపోతారు. రెండో వయొలిన్లు మాత్రమే నాలుగు వరసలు, తాళం మీద కాకుండా తాళానికి ఎదురు నడవాలి.

"మారిబెల్, ఇక్కడ నువ్వు తాళం వెనక రావు. తాళం ఒక అడుగు వేశాక, తర్వాతి అడుగుకి ముందు, ఆ సందులో నీ అడుగు. అర్థమైందా?"

మారిబెల్ తలూపింది. కానీ గాల్లో ఆమె కమాను తప్పుగా కదిలింది.

"సందు అంటే... తలుపు మూసుకునేలోపు దూరినట్టు."

మళ్లీ తప్పు. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. ఆమె వెనక ముగ్గురూ ఆమెనే చూస్తూ అదే తప్పు చేస్తున్నారు. నిమిషం మిగిలింది. ఏడాదంతా కూడబెట్టిన మాటల్లో ఒక్కటీ పనికి రావట్లేదు. రాగమైతే గొంతులో సిద్ధంగా ఉంది. రెండు వరసలు కూనిరాగం తీస్తే చాలు, పిల్లకి దారి దొరుకుతుంది. నేడీన్ పిప్పరమెంటును పటుక్కున కొరికి, పళ్లు బిగించి, స్టాండు అంచు పట్టుకుంది.

అప్పుడు వినిపించింది. రెండు వరసలు. తాళానికి ఎదురు, పొల్లుపోకుండా, ముక్కుతో తీసినంత సన్నగా.

నేడీన్ గొంతు కాదు. ఆమె ఎడంచేతి పక్కనుంచి. ఒంటరి మొదటి బల్ల. యెసేనియా కళ్లు కాగితం మీదే ఉన్నాయి, వేళ్లు తీగల మీద పరుగెడుతున్నాయి, మొహంలో ఈ లోకం లేదు. ఆ పిల్లకి తెలియదు. తనకి పధ్నాలుగేళ్లు తెలియనట్టే తెలియదు.

ఎదుట మారిబెల్ మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. కమాను సరిగ్గా కదిలింది.

ఆ మరుక్షణం కమాన్లన్నీ పైకి లేచాయి.

ఎవరూ ఆలోచించలేదు. చెవిన రాగం పడింది, చేతులు లేచాయి. అందరి కమాన్లూ కొనలు పైకప్పుకేసి పెట్టి నిశ్చలంగా నిలబడ్డాయి. ఉలిక్కిపడి తలెత్తిన యెసేనియా చుట్టూ చూసి, అందరితోపాటు తనదీ ఎత్తింది. ఎత్తి, ఆ రాగం నేడీన్‌దే అనుకుని ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో ముందు భయం, తర్వాత నమ్మలేకపోవడం, ఆ తర్వాత ఇంకేదో.

నెరిసిన జుట్టావిడ గడియారం ఆపింది. "ఏమిటిది? కమాన్లు ఎందుకెత్తారు?"

కమాన్లు ఒక్కొక్కటే దిగాయి.

"ఏదో గొంతులా వినబడింది. గాలేమో అనుకున్నాను. కానీ మీ పిల్లలందరికీ వినబడినట్టుంది." ఆవిడ గొంతులో కోపం లేదు, ఇబ్బంది ఉంది. "అడగక తప్పదు. ఎవరు?"

ఎవరైనా శిక్ష ఒకటే. మెట్టు ఎలాగూ దిగాలి. ఇక మిగిలింది ఆ బరువు ఎవరి నెత్తిన పెట్టాలన్నదే. పదహారేళ్ల నెత్తినా, నలభై రెండేళ్ల నెత్తినా?

"నేనే," అంది నేడీన్. "క్షమించండి. నాకిది పాత అలవాటు."

ఆవిడ నేడీన్‌ని కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత తన ముందున్న నీళ్లగ్లాసు ఆమెవైపు జరిపి, పెన్సిల్ తీసుకుంది. "గుక్కెడు తాగండి. తాగాక మొదలుపెట్టండి."

వాయించారు. ఆ పధ్నాలుగేళ్లలో ఆ గదిలో నేడీన్ పిల్లలెవరూ అంత బాగా వాయించలేదు. గొయ్యి దగ్గర మారిబెల్ తలుపు సందులోంచి దూరినట్టు దూరి, తన వెనకవాళ్లను చెయ్యి పట్టి అవతలికి తీసుకెళ్లింది. ముగించాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన చప్పట్లు కొట్టబోయి చేతులు దించుకున్నాడు.

వేదిక మీద ఒకటి. గదిలో రెండు.

*

తిరుగుదారి బస్సులో అరగంటకి హోబీ ఉన్నట్టుండి భోరున ఏడ్చాడు. "మేం కమాన్లు ఎత్తకపోతే ఆవిడ గాలే అనుకునేది మిస్. మేమే పట్టించాం."

నేడీన్ లేచి వాడి పక్కన కూర్చుంది. "ఎత్తమని నేర్పింది ఎవరు? ఏడాదంతా నా ముందే కదా నేర్చుకున్నారు. నేర్పింది చేశారు. అందులో తప్పు లేదు నాన్నా."

ముందు సీట్లోంచి యెసేనియా తల తిప్పలేదు. కిటికీతో మాట్లాడినట్టు అంది. "ఏడు నిమిషాలు మిస్. ఒక్క ఏడు నిమిషాలు."

"యెసీ, ఆపు," అన్నాడు హోబీ ముక్కు తుడుచుకుంటూ.

"ఎందుకాపాలి? ఫిబ్రవరంతా ఆపుకున్నారుగా. మాటిచ్చారుగా. మీకు ఇంకో స్కూలు దొరుకుతుంది మిస్. నాకు ఇంకో పన్నెండో తరగతి దొరకదు."

నిజం నేడీన్ నోటిదాకా వచ్చింది. చెబితే ఆ కళ్లలో కోపం పోతుంది. పోయి ఏమొస్తుందో కూడా ఆమెకు తెలుసు. ఆ పిల్ల మళ్లీ వయొలిన్ ముట్టుకోదు. ముట్టుకున్నా, రాగం గొంతులోకి వచ్చిన ప్రతిసారీ చేత్తో నోరు మూసుకుంటుంది.

"నిజమే యెసేనియా," అంది. "ఆపుకోలేకపోయాను."

ఏప్రిల్లో బోర్డు సమావేశం. విల్లరియల్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు గానీ ఆయన చెప్పినట్టే ఆయన దగ్గర మాట లేదు. ఇంకుతో గీసిన గడుల కార్డులు కట్టగా కట్టి బల్ల మీద పెట్టాడు, అంతే. ఎవరూ కట్ట విప్పలేదు. అయిదుగురు తీసెయ్యమన్నారు, ఇద్దరు ఉంచమన్నారు. నేడీన్‌కి ఊరవతల చిన్నపిల్లల స్కూల్లో పిల్లంగోవి పాఠాలు. అంగట్లో గుడ్లు ఎంచుకుంటుంటే ఒక తల్లి ఇంకొక తల్లితో, ఆమెకు వినబడేలానే, "నోరు అదుపులో పెట్టుకోలేని మనిషికి పిల్లల్ని అప్పజెబితే ఇంతే," అంది. నేడీన్ గుడ్లపెట్టె మూత మెల్లగా మూసి, బండిలో పెట్టుకుంది.

మర్నాడు కర్టిస్ గోడ చుట్టూ తిరిగి ఆమె గదిలోకొచ్చాడు. బుగ్గలో గింజలు లేవు.

"హోబీ చెప్పాడు. ఆ రోజు రాగం పొల్లుపోలేదట. ఒక్క వెంట్రుకవాసి కూడా కిందికి జారలేదట."

"అయితే?"

"పధ్నాలుగేళ్లుగా ఈ గోడ అవతల నీ కూనిరాగం వింటున్నా తల్లీ. నీ శ్రుతి ఎప్పుడూ జారుతుంది. నా బాకాలవాళ్లు కూడా నవ్వుకుంటారు." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవరు నేడీన్?"

"నేనే కర్టిస్."

అతను ఖాళీ కుర్చీలకేసి చూశాడు. మొదటి బల్ల దగ్గర చూపు ఆగింది. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"సరే," అన్నాడు చివరికి. "నువ్వే. ఎవరడిగినా నేనూ అదే చెబుతా." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "హోబీ డోలుతో పాటు జాజ్ బ్యాండులో ఆ పెద్ద వయొలిన్ కూడా వాయిస్తాడు. వాడి సంగతి నేను చూసుకుంటా. మిగతా వయొలిన్లకి నా దగ్గర చోటు లేదు. ఉంటే ఇచ్చేవాణ్ణి."

మే నెలాఖరుకి గదిలో డోళ్లకు అరలు లేచాయి. పచ్చి చెక్క వాసన. స్కూలు వయొలిన్లన్నీ పెట్టెల్లో సర్ది నెంబర్లు అతికించారు. యెసేనియాది సొంతది. ఆమె పరీక్షల వారమంతా నేడీన్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. పెట్టెలు మొయ్యాల్సి వస్తే మోసింది, ఎక్కడ పెట్టాలో మాత్రం హోబీని అడిగింది.

చివరిరోజు సాయంత్రం నేడీన్ తాళాలగుత్తి ఆఫీసులో అప్పగించడానికి బయల్దేరింది. వరండాలో దీపాలు సగం ఆర్పేశారు. పిల్లలు ఒంటరిగా సాధన చేసుకునే చిన్న గదుల వరసలో ఆఖరిదాని తలుపు కొద్దిగా తెరిచి ఉంది. లోపల వయొలిన్.

ఆగింది. తొంభై మైళ్ల అవతల పెద్ద ఊళ్లో పిల్లల ఆర్కెస్ట్రా ఒకటుంది. దానిలో చేరే పరీక్షకి యెసేనియా పేరిచ్చిందని హోబీ చెప్పాడు. సీటొస్తే శనివారాలు వాళ్ల మామయ్య లారీలో వెళ్లొస్తుందట. ఏదో కష్టమైన చోట వయొలిన్ ఆగింది. మళ్లీ మొదలై, మళ్లీ అక్కడే ఆగింది. కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత, వయొలిన్ లేకుండా, గొంతు. సన్నగా, సరిగ్గా, దారి వెతుక్కుంటూ. రెండుసార్లు తీసి మూడోసారి వాయించింది. ఈసారి ఆగలేదు.

వరండా ఆ చివర తుడిచే మనిషి బకెట్టు చక్రాలు కీచుమంటూ ఇటే వస్తున్నాయి. వెనక హోబీ, ఇంకొందరు ఆఖరి పెట్టెలు మోసుకుంటూ, నవ్వుకుంటూ వస్తున్నారు. లోపల గొంతు మళ్లీ మొదలైంది.

నేడీన్ పిడి పట్టుకుని, అది వాళ్ల చెవిన పడకముందే, గొళ్లెం చప్పుడు కాకుండా, తలుపు నెమ్మదిగా మూసింది.